మగ్గాల మోతలో మోహన

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా నుంచి సచిన్ వైపు వెళ్ళే దారిలో పాండేసర పారిశ్రామికవాడ ఉంది. సింథటిక్ చీరల గుడ్డకు రంగులద్దే మిల్లులు, అచ్చులు వేసే మిల్లులు, సాంచాలని పిలుచుకునే మరమగ్గాల షెడ్లు, వాటిని ఆనుకుని ఇరుకు గదుల వరసలు. ఆ సందుల్లో గంజాం ఒడియా వినిపిస్తుంది; భోజ్‌పురి, మరాఠీ, హిందీ వినిపిస్తాయి. తెలుగూ వినిపిస్తుంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి నేతపనిని నమ్ముకుని వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, డిండోలి చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. బతుకమ్మ వచ్చిందంటే ఆ వాడల్లో పూలు పేరుస్తారు. ఊరికి పోవాలంటే వరంగల్ మీదుగా వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది.

అలాంటి వాడల్లో ఫోన్ల మీద మోగే వేల పాటల్లోంచి ఒక్కదాన్ని ఈ అధ్యాయానికి తీసుకుందాం: మాయాబజార్ సినిమాలోని నౌకావిహారం పాట. సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. నిర్మాత విజయా సంస్థ, దర్శకుడు కె.వి. రెడ్డి. పాట రాసింది పింగళి నాగేంద్రరావు. బాణీ సాలూరి రాజేశ్వరరావుది. ఆయన మధ్యలో తప్పుకోవడంతో ఘంటసాల ఆ బాణీకి వాద్యాలు కూర్చి, రికార్డు చేసి, పి. లీలతో కలిసి తానే పాడారు. మార్కస్ బార్‌ట్లీ తెర మీద వెన్నెల కాయించారు. అప్పటికి ఘంటసాలకు 34 ఏళ్ళు. కేరళలో పుట్టి మలయాళం మాట్లాడుతూ పెరిగిన లీలకు ఇంకా 23 నిండలేదు.

ఆ తర్వాత వచ్చిన తెలుగు ప్రేమ పాటలకు లెక్క లేదు. వాటిలో ఎన్నో వచ్చిన ఏడాదే మరుగున పడ్డాయి. ఈ పాట మాత్రం రేడియో నుంచి గ్రామఫోను పళ్ళేనికి, క్యాసెట్‌కు, ఫోనుకు మారుతూ వచ్చింది. తీరంలోని మద్రాసులో పాడిన పాట దేశానికి అటు చివరన ఉన్న సూరత్‌లో, అదీ సాంచాల మోత మధ్య, ఎలా బతుకుతోంది? పాతదంతా బంగారమే అనుకుంటే సరిపోదు. పాతవాటిలోనూ మరుగునపడ్డవే ఎక్కువ. ధ్వనిశాస్త్రం, వినికిడి శాస్త్రం, మెదడు శాస్త్రం ఈ ప్రశ్నకు తలా కొంత జవాబు చెబుతాయి. అన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. నిలిచిన పాటలో గాయకులు పాడినది కొంత, వినేవారు నింపుకున్నది కొంత ఉంటుంది. వినేవారు ఎంత సులువుగా నింపుకోగలిగితే పాటకు అంత ఆయుష్షు.

మాట తెలియకపోతే ప్రేమ తెలియదు

మొదట ఒక ఆశ్చర్యం. ప్రేమ విశ్వజనీనమని అంటాం కదా, మరి ప్రేమ పాటను భాష తెలియకుండా ఎవరైనా గుర్తుపట్టగలరా?

2023లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా దీన్నే పరీక్షించింది. ప్రపంచం నలుమూలల్లోని 86 సమాజాల నుంచి సేకరించిన 118 పాటల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసుకున్నారు. వాటిని 49 దేశాల్లో 5 వేలకు పైగా మనుషులకు వినిపించి, ఇది ఎందుకోసం పాడే పాట అని అడిగారు. జోలపాటను గుర్తుపట్టారు. నాట్యం కోసం పాడేదాన్ని బాగా గుర్తుపట్టారు. రోగం నయం చేయడానికి పాడేదాన్నీ కొంతవరకు పట్టుకున్నారు. ప్రేమ పాట దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు. తమ భాషకు దగ్గరి భాషల్లో, తమ పొరుగు ప్రాంతాల్లో పుట్టిన ప్రేమ పాటలను మాత్రం కాస్త మెరుగ్గా పోల్చుకోగలిగారు.

కారణం ఊహించడం కష్టం కాదు. బిడ్డను నిద్రపుచ్చే స్వరం ఏ దేశంలోనైనా మెత్తగా, నిదానంగానే ఉండాలి. నాట్యానికి దరువు స్పష్టంగా ఉండాలి. ప్రేమకు అలాంటి ఒకే రూపం లేదు. అందులో సంబరం ఉంది, ఎడబాటు ఉంది, అలక ఉంది, అసూయ ఉంది. ఇన్ని భావాలను మోసే పాట ఏదో ఒక్క ధ్వని లక్షణానికి కట్టుబడి ఉండదు.

మన పడవ పాటను తెలుగు రానివారికి, సినిమా చూడనివారికి వినిపిస్తే హాయిగా ఉందంటారు. అది ప్రేమ పాటేనని తేల్చి చెప్పలేరు. వెన్నెల, నది, తెర మీది సావిత్రి చూపు, నాగేశ్వరరావు చిరునవ్వు, ఆ పాటను ఇంట్లో కూనిరాగం తీసిన అమ్మమ్మ, ఇవన్నీ తెలిసిన మనిషికే అందులో ప్రేమ వినిపిస్తుంది. కాబట్టి ప్రేమ పాట ఎందుకు నిలుస్తుందో తెలియాలంటే పాటను ఒక్కదాన్నే పరిశీలిస్తే చాలదు, వినే మనిషిని కూడా పరిశీలించాలి. అయినా ముందు పాట నిర్మాణాన్నే చూద్దాం. నింపుకోవడానికి అన్ని పాటలూ వీలు ఇవ్వవు.

అయిదు స్వరాలు, విశాలమైన దూరాలు

ఈ పాట నడక మోహన రాగానిది. షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం. మధ్యమం లేదు, నిషాదం లేదు. హిందుస్తానీలో దీనికి దగ్గరి రాగం భూప్. చైనా జానపదుల పాటల్లో, స్కాట్లండు పాటల్లో ఇవే అయిదు మెట్ల స్వరపంక్తులు కనిపిస్తాయి. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు తొలినాళ్ళలోనే పాడే వరవీణా గీతం కూడా మోహనలోదే.

ఈ స్వరాల వెనక సరళమైన భిన్నాలున్నాయి. షడ్జం కంపనాన్ని 1 అనుకుంటే పంచమం దానికి 3/2 రెట్లు, గాంధారం 5/4 రెట్లు, ధైవతం 5/3 రెట్లు, రిషభం 9/8 రెట్లు. తంబురా తీగ మీటినప్పుడు మూలధ్వనితో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, అయిదు రెట్ల కంపనాలు కూడా పుడతాయి. వాటిని అనుస్వనాలు అంటారు. పంచమం, గాంధారం ఆ అనుస్వనాల్లోనే దాగి ఉంటాయి. అందుకే తంబురా మోగుతుండగా మోహన పాడితే స్వరాలు శ్రుతిలో ఒదిగిపోతాయి.

మోహనలో ఇంకో విశేషం ఉంది. పక్కపక్కన ఉన్న ఏ రెండు స్వరాల మధ్యా అర్ధస్వరం అంత తక్కువ ఎడం ఉండదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో ఒక పొర ఉంది. ఒక్కో కంపనానికి దాని మీద ఒక్కో చోటు ఎక్కువగా కదులుతుంది. రెండు స్వరాలు మరీ దగ్గరగా ఉంటే వాటికి స్పందించే చోట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, చెవికి గరుకుగా అనిపిస్తుంది. హెల్మ్‌హోల్ట్స్ 1863లో ఈ గరుకుదనం గురించి రాశాడు. ప్లోంప్, లెవెల్ట్ అనే డచ్చి శాస్త్రవేత్తలు 1965లో దాన్ని కొలిచి చూపారు. గోడలకు తగిలి స్వరాలు ఒకదాని మీద ఒకటి దొర్లే రేకుల షెడ్డులోనైనా, చవకబారు స్పీకరులోనైనా, అర్ధస్వరాలు లేని రాగం అంతగా చెడదు.

ఇంతమాత్రాన మోహన పుట్టుకతోనే మనిషికి ఇంపు అనుకోకూడదు. బొలీవియా అడవుల్లో త్సిమానే అనే ప్రజలున్నారు. బయటి సంగీతం వారి చెవిన పడింది తక్కువ. పొందికైన స్వరాల జంట, గరుకైన స్వరాల జంట రెంటినీ వారు సమానంగానే మెచ్చుకున్నారని 2016లో నేచర్ పత్రికలో అధ్యయనం వచ్చింది. గరుకుదనం చెవిలో ఉన్న భౌతిక సత్యమే. దాన్ని ఇష్టపడాలా వద్దా అన్నది మాత్రం పెరిగిన వాతావరణం నేర్పుతుంది. మోహన మనకు హాయిగా ఉందంటే అందులో భౌతికశాస్త్రంతో పాటు మన ఇళ్ళ, గుళ్ళ, బళ్ళ శిక్షణ కూడా ఉంది.

మరో బలం భాష నుంచి వచ్చింది. స్వరతంత్రులు కంపిస్తేనే శ్రుతి పుడుతుంది. అచ్చు పలికినంతసేపూ అవి కంపిస్తూనే ఉంటాయి. స, త, క వంటి హల్లులు పలికేటప్పుడు కంపనం ఆగుతుంది. తెలుగు మాట దాదాపుగా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి పాదం చివర గాయకుడు స్వరాన్ని కావలసినంత సేపు నిలుపుకోవచ్చు. నిదానంగా సాగే పాటలో వినేవారి చెవికి ఎక్కువసేపు అందేది ఆ అచ్చులూ వాటి మీద నడిచే రాగమూ.

రికార్డింగు పద్ధతి కూడా కలిసివచ్చింది. 1950లలో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యకారులు ఒకేచోట, ఒకేసారి పాడి వాయించేవారు. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటికి రావలసిందే. ఒకే వరసలో ధ్వని ముద్రించే ఆ రోజుల్లో గొంతు వినపడాలంటే వాద్యాలు తగ్గి ఉండాలి. అందుకే ఆ కాలపు మంచి పాటల్లో గొంతు ముందుంటుంది, వాద్యాలు దాని సందుల్లో పలుకుతాయి. కొద్ది స్వరాలు, సాగే అచ్చులు, ముందున్న గొంతు: ఇలాంటి పాటను మోతలోంచి ఏరుకోవడం చెవికి తేలిక, గుర్తుంచుకోవడం మెదడుకు తేలిక.

తెగిన చోట మెదడు ముడి వేస్తుంది

ఇక మోత సంగతి. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళు ఉంటుంది. నాడె అటూ ఇటూ కొట్టుకునే మరమగ్గాల షెడ్డులో ధ్వని సాధారణంగా 95 నుంచి 105 దాకా పోతుంది. డెసిబెళ్ళను కూడికల్లో కాదు, రెట్లలో లెక్కపెట్టాలి. 60కీ 100కీ మధ్య ధ్వని శక్తి తేడా 10 వేల రెట్లు. అలాంటి చోట ఫోన్లో పాట పెడితే నిజానికి చెవిని చేరేది ముక్కలు ముక్కలే.

అయినా తెలిసిన పాట ముక్కలుగా వినిపించదు. ఎందుకో 1970లో రిచర్డ్ వారెన్ చేసిన ప్రయోగం చెబుతుంది. రికార్డు చేసిన ఒక వాక్యంలోంచి ఒక హల్లును పూర్తిగా కోసేసి, ఆ చోట దగ్గు శబ్దం అతికించి వినిపించాడు. విన్నవారు ఆ హల్లు తమకు వినిపించిందనే నమ్మారు. దగ్గు ఎక్కడ పడిందో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. మోత మింగేసిన ధ్వనిని మెదడు సందర్భాన్ని బట్టి పుట్టించుకుంది. తెగిన పోగును నేతగాడు ముడివేసి గుడ్డలో కలిపేసినట్టు, ఆ అతుకు మనకు తెలియనంత నేర్పుగా మెదడు ఈ పని చేస్తుంది.

పాటల మీద ఇదే ప్రశ్నను అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు అడిగారు. తెలిసిన పాటల్లో, తెలియని పాటల్లో అక్కడక్కడ కొన్ని సెకన్ల మౌనం పెట్టి, వింటున్నవారి మెదడును స్కాన్ చేశారు. తెలిసిన పాట ఆగిన చోట కూడా వినికిడికి సంబంధించిన మెదడు భాగాలు పనిచేస్తూనే ఉన్నాయి. పాట తమ లోపల సాగుతూనే ఉందని విన్నవారూ చెప్పారు. తెలియని పాట దగ్గర అలా జరగలేదు. ఈ ఫలితం 2005లో నేచర్ పత్రికలో వచ్చింది.

ఫోను స్పీకరు విషయంలోనూ మెదడు ఇలాగే చేయి వేస్తుంది. టెలిఫోను వ్యవస్థ చాలాకాలం 300 హెర్ట్జ్‌ల పైనున్న ధ్వనులనే మోసింది. మగవారి గొంతు మూలధ్వని అంతకంటే బాగా కింద, 120 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అయినా ఫోన్లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినిపించేది. 300, 450, 600 హెర్ట్జ్ అనుస్వనాలు అందితే చాలు, వీటికి మూలం 150 అని వినికిడి వ్యవస్థ తేల్చుకుంటుంది. చేతిలో పట్టే స్పీకరులోంచి కూడా ఘంటసాల గొంతులోని గాంభీర్యం అందుతోందంటే, అందులో కొంత భాగం వింటున్నవారి తలలోనే తయారవుతోంది.

ఇక్కడ పాండేసర వంటి చోట్లకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి మోతలో పనిచేసిన చెవికి మొదట పోయేది 4 వేల హెర్ట్జ్ ప్రాంతం. స, ష, త, చ వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా 2 వేల నుంచి 8 వేల హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అందుకే సాంచాల మీద వయసు గడిచిన మనిషి, గొంతు వినపడుతోంది గానీ మాట తెలియడం లేదంటాడు. రాగం నడిచేది మాత్రం 100 నుంచి 800 హెర్ట్జ్‌ల మధ్య. అది చాలాకాలం చెక్కుచెదరదు. కొత్త పాటలో రాగం అందుతుంది, మాటలు జారిపోతాయి. పాత పాటలో మాటలు ఎప్పుడో కంఠస్థమయ్యాయి కనుక, రాగం అందిన మరుక్షణం జ్ఞాపకం వాటిని తెచ్చి పెడుతుంది. అలాంటి కార్మికుడు పాత పాటే పెట్టమంటే దాన్ని వయసు మళ్ళినవారి చాదస్తంగా చూడకూడదు. అతని చెవికి పూర్తిగా వినిపించే పాట అదే.

వెయ్యోసారి విన్నా పులకింత

జ్ఞాపకం పాటను నింపుతుంది సరే. ముందే తెలిసిన దాన్ని మళ్ళీ వింటే విసుగు రావాలి కదా?

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సలీంపూర్, రాబర్ట్ జటోరె బృందం 2011లో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. తమకు ఒళ్ళు జలదరింపజేసే సంగీతాన్ని తెచ్చుకోమని మనుషులను అడిగారు. అది వింటున్నప్పుడు వారి మెదడులో డోపమీన్ అనే రసాయనం ఎక్కడ, ఎప్పుడు విడుదలవుతోందో చూశారు. జలదరింపు కలిగిన క్షణంలో ఒక భాగంలో విడుదలైంది. విశేషమేమిటంటే, అంతకు కొద్ది సెకన్ల ముందు, ఆ ఘట్టం వస్తోందని ఎదురుచూస్తున్నప్పుడే మరో భాగంలో విడుదల మొదలైంది. ఎదురుచూపు కూడా ఆనందంలో భాగమే. ఏం రాబోతోందో తెలిసినవారికే ఆ ఎదురుచూపు సాధ్యం.

2019లో బార్సిలోనా పరిశోధకులు దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్ళారు. 27 మందికి వేర్వేరు రోజుల్లో డోపమీన్‌ను పెంచే మందు, దాని పనిని అడ్డుకునే మందు, ఏ మందూ లేని మాత్ర ఇచ్చి పాటలు వినిపించారు. డోపమీన్ పెరిగినప్పుడు సంగీతానందం పెరిగింది, అడ్డుకున్నప్పుడు తగ్గింది.

తెలిసిన పాట పాతబడకపోవడానికి ఇంకో కారణాన్ని భారతీయ మూలాలున్న మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జంషెడ్ భరూచా చెప్పాడు. మనలో రెండు రకాల అంచనాలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి, ఈ పాటలో తర్వాత ఏ స్వరం వస్తుందన్న జ్ఞాపకం. రెండోది, సంగీతంలో సాధారణంగా ఏ స్వరం తర్వాత ఏది వస్తుందన్న అలవాటు. ఈ రెండోది ఎప్పుడూ తనంతట తాను పనిచేస్తూనే ఉంటుంది. ఈ ప్రత్యేకమైన పాట మనకు తెలుసన్న సంగతి దానికి పట్టదు. అందుకే మలుపు తెలిసినా మలుపు దగ్గర చిన్న విస్మయం మిగులుతుంది. ఆ వెంటనే, అనుకున్న చోటికే పాట చేరిందన్న తృప్తి కలుగుతుంది. చరణం ఎటో వెళ్ళి పల్లవికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఈ రెండూ కలిసి అందుతాయి.

ఈ జ్ఞాపకం ఎంత లోతుకు వెళుతుందో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు 2015లో చూపారు. చిరకాలంగా తెలిసిన పాటలకు స్పందించే మెదడు ప్రాంతాలను గుర్తించి, అల్జైమర్స్ రోగుల మెదడు చిత్రాలతో పోల్చారు. మిగతా ప్రాంతాలతో పోలిస్తే అవి బాగా తక్కువగా దెబ్బతిన్నాయి. కొడుకు పేరు తడుముకునే తల్లి పాత పాట అందుకుని చరణం చివరిదాకా పాడగలగడానికి ఇదొక ఆధారం.

తాత పాట మనవడికి ఎలా అందుతుంది

నల్గొండలో పుట్టి ఆ పాటను రేడియోలో విన్నవారి సంగతి వేరు. సూరత్‌లో పుట్టి, గుజరాతీ, హిందీ పాటల మధ్య పెరిగిన పిల్లలకు అది ఎలా నచ్చుతుంది?

పదేళ్ళ వయసు నుంచి ముప్ఫై లోపు జరిగిన సంగతులు మనిషికి ఎక్కువగా గుర్తుంటాయి. అప్పుడు విన్న పాటలు జీవితాంతం వెంట వస్తాయి. ఇది చాలాకాలంగా తెలిసినదే. 2013లో కేరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ దీనికి కొత్త మలుపు కనిపెట్టారు. 1955 నుంచి 2009 దాకా అమెరికాలో ఏటా అగ్రస్థానాల్లో నిలిచిన పాటలను ఇరవై ఏళ్ళ విద్యార్థులకు వినిపించారు. వారి సొంత కాలపు పాటలు సహజంగానే బాగా నచ్చాయి. అక్కడి నుంచి వెనక్కి వెళ్ళే కొద్దీ ఇష్టం తగ్గుతూ పోవాలి. అలా జరగలేదు. వారి తల్లిదండ్రులు యవ్వనంలో ఉన్న 1980ల తొలినాళ్ళ దగ్గర మళ్ళీ పెరిగింది. 1960ల దగ్గర ఇంకోసారి పెరిగింది. ఆ పాటల గుణం కూడా కారణం కావచ్చు. తాతల కాలపు ఇష్టం తల్లిదండ్రుల ద్వారా దిగివచ్చి ఉండవచ్చు. ఇంట్లో పెద్దలు ఇష్టంగా విన్నది పిల్లల చెవిన పడుతూ వారి సొంతమవుతుంది. మళ్ళీ మళ్ళీ ఎదురైన దాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపాడు.

మన పాట కథలోనే ఈ సూత్రం ఉంది. శశిరేఖా అభిమన్యుల పడుచు జంటతో మొదలైన ఆ నౌకావిహారంలో అదే బాణీని శ్రీకృష్ణ రుక్మిణులు కూడా అందుకుంటారు. ఒకే రాగం పెద్దలదీ పిన్నలదీ అవుతుంది. మాయాబజార్ వచ్చిన ఏడాదే, 1957 అక్టోబరు 3న, వివిధభారతి మొదలైంది. సినిమా హాలు లేని ఊరికీ సినిమా పాట చేరింది. 2010లో రంగులు అద్దిన మాయాబజార్ విడుదలై మరో తరానికి ఆ పాటను కొత్తగా చూపింది. అయినా పాటను ఒక తరం నుంచి ఇంకో తరానికి చేర్చే అసలు చోటు ఇల్లే. చీరలు మడతపెడుతూ తల్లి తీసే కూనిరాగం, సెలవురోజు తండ్రి ఫోన్లో పెట్టుకున్న పాట సూరత్ పిల్లవాడికి ఆ జ్ఞాపకాన్ని అందిస్తాయి. తెలుగు అక్షరం రాని పిల్లవాడికి కూడా పల్లవి వచ్చేది అందుకే.

చేసి చూడండి

ఇంట్లోనే చేయదగ్గ రెండు ప్రయోగాలున్నాయి. మొదటిది: బాగా తెలిసిన పాట పెట్టి, చరణం మధ్యలో శబ్దాన్ని పూర్తిగా తగ్గించండి. పాటను ఆపకూడదు, శబ్దమే తగ్గించాలి. మనసులో పాడుకుంటూ అయిదారు సెకన్ల తర్వాత మళ్ళీ పెంచండి. మీరూ గాయకుడూ ఒకే మాట దగ్గర కలుస్తారు. ఇప్పుడు ఎన్నడూ వినని పాటతో ఇదే చేయండి. ఎక్కడ కలవాలో తెలియదు.

రెండోది: బల్ల ఫ్యాను వేగంగా పెట్టి, దాని పక్కన ఫోన్లో తెలిసిన పాటను వినీవినపడనట్టు పెట్టండి. ఎన్ని మాటలు తెలిశాయో రాసుకోండి. అంతే శబ్దంతో కొత్త పాట పెట్టి మళ్ళీ రాయండి. ఇంట్లో ముగ్గురు నలుగురితో చేయిస్తే, ఎవరికి ఏ పాట జ్ఞాపకంలో ఉందో కాగితం మీదే కనిపిస్తుంది.

చెవి బాగుంటేనే పాట

ఇంతదాకా చెప్పుకున్న శాస్త్రం నుంచి ఒక బాధ్యత కూడా పుడుతుంది. జ్ఞాపకం లోటును పూడుస్తుంది. కానీ ఒకప్పుడు సరిగా విన్న దాన్నే పూడ్చగలదు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒక్కో చెవిలో దాదాపు 15 వేలు ఉంటాయి. మోతకు అవి చచ్చిపోతే మనిషికి మళ్ళీ మొలవవు. పెద్దలు పోగొట్టుకున్న ధ్వనులను పాత జ్ఞాపకాలు కొంతకాలం కప్పిపుచ్చుతాయి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే సాంచాల మీదకు వచ్చిన కుర్రవాడికి కొత్త పాటలు, కొత్త మాటలు పోగుచేసుకునే వయసులోనే చెవి పోవడం మొదలవుతుంది.

లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. మన దేశపు ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెళ్ళను పరిమితిగా పెట్టాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 85. ఆ లెక్కలో ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకూ భద్రమైన సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర అది 15 నిమిషాలు. సూరత్ మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలు. మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు వృత్తి వ్యాధిగానే గుర్తించింది.

పాట విషయంలోనూ జాగ్రత్త కావాలి. మోతను దాటి వినిపించాలని ఇయర్‌ఫోన్లలో శబ్దం పెంచితే, సాంచాల దెబ్బకు పాట దెబ్బ తోడవుతుంది. షెడ్డులో ఉన్నంతసేపూ చెవుల్లో ఉండవలసింది ఇయర్‌ప్లగ్గులు. పాటకు గదికి చేరాక, చెవులు కాస్త విశ్రాంతి తీసుకున్నాక, చిన్న శబ్దంతో చోటివ్వాలి.

ఒక పాట డెబ్బై ఏళ్ళు బతకడానికి కావలసిన పని ఘంటసాల, లీల, రాజేశ్వరరావు, పింగళి 1957 నాటికే చేసి పెట్టారు. మిగిలిన పని వినేవారిది. అది చేయడానికి వారికి పనిచేసే చెవులు, పాట వినిపించే ఇల్లు కావాలి. ఇల్లు వారు చూసుకుంటారు. చెవుల కోసం యజమానులనూ ప్రభుత్వాన్నీ అడగవలసినవి ఉన్నాయి: ఏటా వినికిడి పరీక్ష, ప్రతి కార్మికుడికీ సరిపోయే ఇయర్‌ప్లగ్గులు, మోత తగ్గించే నిర్వహణ, పన్నెండు గంటల షిఫ్టుకు స్వస్తి. ఇవి పాండేసర కార్మికులకు ఎవరో చేసే ఉపకారాలు కావు, హక్కులు. ఇష్టమైన పాటను ముసలితనంలో కూడా స్పష్టంగా వినగలగడం ఆ హక్కుల్లో భాగమే.